జోన్ చెన్

జోన్ చెన్ (జననం: 1961 ఏప్రిల్ 26, షాంఘై) చైనాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన సినిమా, టెలివిజన్ నటి, దర్శకురాలు. అసలు పేరు చెన్ చోంగ్. చైనా ప్రేక్షకులకు ఆమె ఇప్పటికీ ఆ పేరుతోనే పరిచయం. 1979 నాటి ‘షియావ్ హువా’ (చిన్న పువ్వు) సినిమాతో పద్దెనిమిదేళ్లకే దేశమంతటా ఇంటింటి పేరైంది. రెండేళ్లు తిరక్కుండానే ఆ పేరునంతా వదిలి చదువు కోసం అమెరికా వెళ్లింది. అక్కడ చిన్నాచితకా వేషాలతో మొదలుపెట్టి బెర్నార్డో బెర్తొలూచి ‘ది లాస్ట్ ఎంపరర్’ (1987)లో మహారాణి పాత్ర, డేవిడ్ లించ్ ‘ట్విన్ పీక్స్’ సీరియల్‌లో ముఖ్య పాత్ర దాకా ఎదిగింది. ‘షియు షియు’ (1998)తో దర్శకురాలైంది. చైనా, హాంకాంగ్, అమెరికా, ఆస్ట్రేలియా సినిమాలన్నిటిలోనూ ప్రధాన పాత్రలు వేసింది. అందాల తారగా వచ్చిన పేరు ఆమెకు తొలి పదిహేనేళ్లలో దక్కింది. గొప్ప నటిగా వచ్చిన గౌరవంలో ఎక్కువ భాగం మాత్రం నలభై దాటాక వేసిన తల్లి పాత్రల వల్లనే.

కుటుంబం, బాల్యం

జోన్ చెన్ వైద్యుల ఇంట్లో పుట్టింది. తండ్రి చెన్ షింగ్‌రోంగ్ రేడియాలజిస్టు, తల్లి జాంగ్ ఆన్‌జోంగ్ ఔషధ శాస్త్రవేత్త. తల్లి తండ్రి జాంగ్ చాంగ్‌షావ్ ఆధునిక చైనాలో ఔషధ శాస్త్రానికి పునాది వేసిన వారిలో ఒకరు. ‘చాంగ్‌షాన్’ అనే సంప్రదాయ మూలిక మలేరియాపై ఎలా పనిచేస్తుందో పరిశోధించిన వ్యక్తి. 1966లో సాంస్కృతిక విప్లవం మొదలయ్యాక విదేశాల్లో చదివొచ్చిన ఇలాంటి మేధావుల మీద అనుమానం, అవమానం వచ్చిపడ్డాయి. ఆ వేధింపుల కాలంలోనే ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. అప్పటికి మనుమరాలు ఇంకా బడి ఈడు పిల్ల.

ఆ తరం నగర పిల్లలకు చదువు అంటే హైస్కూలు వరకే. ఆ తర్వాత లక్షలాది మందిని ‘రైతుల దగ్గర నేర్చుకోండి’ అంటూ పల్లెలకు, సరిహద్దు ప్రాంతాలకు పంపేవారు. వెళ్లినవాళ్లు ఎప్పుడు తిరిగొస్తారో, అసలు వస్తారో రారో ఎవరికీ తెలియదు. సైన్యంలో గానీ, ఏదైనా కళాబృందంలో గానీ చోటు దొరికితే ఆ ప్రయాణం తప్పేది. బడిలో తుపాకి గురి పోటీల జట్టులో ఉన్న చెన్ చోంగ్ 14 ఏళ్ల వయసులో షాంఘై ఫిల్మ్ స్టూడియో నటనా శిక్షణ బృందానికి ఎంపికైంది. ఆమె సినిమాల్లోకి వచ్చిన దారి అది. అలా తప్పించుకున్న ఆ జీవితమే ఇరవై ఏళ్ల తర్వాత ఆమె తొలిసారి దర్శకత్వం వహించిన సినిమాకు కథావస్తువైంది.

తొలి చిత్రాలు

శిక్షణలో ఉన్న అమ్మాయిని దర్శకుడు షియే జిన్ గుర్తించాడు. అప్పటికే చైనా సినిమాలో పెద్ద పేరున్న షియే జిన్ తన ‘యువత’ (1977) చిత్రంలో ఆమెకు ప్రధాన పాత్ర ఇచ్చాడు. మూగ, చెవిటి అయిన పల్లెటూరి పిల్లకు ఆక్యుపంక్చర్ వైద్యంతో వినికిడి, మాట వస్తాయి. ఆమె సైన్యంలో చేరి టెలిఫోన్ సమాచార విభాగంలో పనిచేస్తుంది. కథలో ఆ కాలపు ప్రచార ధోరణి స్పష్టంగానే ఉంటుంది. అయినా మాటల్లేకుండా ముఖంతోనే సన్నివేశాన్ని నడపాల్సిన పాత్ర కావడంతో కొత్త నటికి అది గట్టి పరీక్షే అయింది.

1977 చివర్లో చైనాలో విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షలు మళ్లీ మొదలయ్యాయి. మరుసటి ఏడాది చెన్ చోంగ్ షాంఘై విదేశీ భాషల సంస్థలో ఇంగ్లిష్ విద్యార్థిగా చేరింది. సినిమా తారగా స్థిరపడే అవకాశం చేతిలో ఉన్నా చదువుకే మొగ్గింది. తర్వాతి చిత్రాలన్నీ చదువు మధ్యలో చేసినవే.

‘షియావ్ హువా’ సంచలనం

బీజింగ్ ఫిల్మ్ స్టూడియో నిర్మించిన ‘షియావ్ హువా’కు జాంగ్ జెంగ్ దర్శకుడు. 1940ల అంతర్యుద్ధ కాలంలో విముక్తి సైన్యంలో ఉన్న అన్నను వెతుక్కుంటూ వెళ్లే చెల్లెలి కథ ఇది. ఆ చెల్లెలు షియావ్ హువాగా చెన్ చోంగ్, గెరిల్లా యోధురాలు త్సుయిగూగా ల్యూ షియావ్‌చింగ్, అన్నగా తాంగ్ గ్వోచియాంగ్ నటించారు. షియావ్ హువా ఆ ఇంట పెరిగిన పిల్ల మాత్రమేననీ, అన్నకు అసలు రక్తం పంచుకున్న చెల్లెలు త్సుయిగూ అనీ క్రమంగా తేలుతుంది.

అంతకుముందు పదేళ్లు చైనా ప్రేక్షకులు చూసిన యుద్ధ చిత్రాల్లో వీరులు, శత్రువులు, నినాదాలే ఉండేవి. ఈ సినిమాలో యుద్ధం వెనక్కి జరిగి, విడిపోయిన అన్నాచెల్లెళ్ల బాధ ముందుకొచ్చింది. వర్తమానం రంగుల్లో, జ్ఞాపకాలు నలుపు తెలుపుల్లో సాగే కథనం అక్కడి ప్రేక్షకులకు కొత్త. వాంగ్ మింగ్ స్వరపరచగా లీ గూయీ పాడిన పాటలు సినిమా పోయాక కూడా దశాబ్దాల పాటు నిలిచాయి. అన్నిటికన్నా ఎక్కువగా గుర్తుండిపోయింది షియావ్ హువా ముఖం. సొంత మనిషిని పోగొట్టుకోని ఇల్లంటూ దాదాపు లేని దేశంలో, ఆ గుండ్రని ముఖంలోని వెతుకులాట ప్రతి ఇంటి కథగా కనిపించింది.

‘పాపులర్ సినిమా’ పత్రిక పాఠకుల ఓట్లతో ఇచ్చే హండ్రెడ్ ఫ్లవర్స్ పురస్కారాలను 1963 తర్వాత మళ్లీ 1980లో ఇచ్చారు. ఆ ఏడాది ఉత్తమ నటి చెన్ చోంగ్. అప్పటికి ఆమె వయసు 19. అమెరికా పత్రికలు ఆమెను ‘చైనా ఎలిజబెత్ టేలర్’ అని రాశాయి. ఈ కాలంలోనే విదేశాల్లోని చైనీయుల మాతృదేశ ప్రేమ గురించి తీసిన ఒక చిత్రంలోనూ, తెంగ్ వెన్‌జీ దర్శకత్వంలో వచ్చిన ‘మేలుకొలుపు’ (1981)లోనూ నటించింది.

అమెరికాలో మళ్లీ మొదటి నుంచి

1981లో ఆమె అమెరికా వెళ్లింది. మొదట న్యూయార్క్ రాష్ట్రంలో, తర్వాత లాస్ ఏంజెలెస్ దగ్గరి నార్త్‌రిడ్జ్‌లో ఉన్న కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీలో చదివింది. చైనాలో వీధిలోకి వస్తే జనం మూగే మనిషికి అక్కడ మొహం గుర్తుపట్టేవాళ్లు లేరు. 1980ల హాలీవుడ్‌లో ఆసియా నటీమణులకు దొరికే వేషాలు లెక్కపెట్టినన్నే. ‘మయామి వైస్’, ‘మెక్‌గైవర్’ వంటి టెలివిజన్ సీరియళ్లలో ఒక్కో ఎపిసోడ్‌లో కనిపించే పాత్రలు, వేన్ వాంగ్ ‘డిమ్ సమ్’ (1985)లో చిన్న పాత్ర ఈ దశకు చెందినవే.

ఇదే సమయంలో స్వదేశంలోనూ ఒక దెబ్బ తగిలింది. 1985 చాంద్రమాన కొత్త సంవత్సరానికి చైనా సెంట్రల్ టెలివిజన్ ప్రసారం చేసిన వేడుకకు ఆమెను ఆహ్వానించారు. అది ఆమె పుట్టిన వృషభ సంవత్సరం. జన్మ సంవత్సరం తిరిగొచ్చినప్పుడు చైనాలో ఎర్రని నడికట్టు కట్టుకునే ఆచారం గురించి ఆమె వేదికపై చెప్పింది. చెప్పిన తీరు మాత్రం బయటి దేశం మనిషి చెప్పినట్టుందని ప్రేక్షకులు మండిపడ్డారు. నాలుగేళ్ల కిందట కన్నకూతురిలా చూసుకున్న జనమే ఆమె పరాయిదైపోయిందని నిష్ఠూరమాడారు.

‘తై-పాన్’, ‘ది లాస్ట్ ఎంపరర్’

నిర్మాత డీనో దె లారెంతిస్ ఆమెను ఒక స్టూడియో కారు పార్కింగ్ దగ్గర చూసి పిలిచి ‘తై-పాన్’ (1986)లో పాత్ర ఇచ్చాడన్న సంగతి హాలీవుడ్ కథల్లో ఒకటిగా చెప్పుకుంటారు. జేమ్స్ క్లావెల్ నవల ఆధారంగా తీసిన ఈ సినిమాలో ఆమెది హాంకాంగ్‌లోని బ్రిటిష్ వ్యాపారి ఉంపుడుగత్తె మే-మే పాత్ర. సినిమా ఆడలేదు. అలాంటి వేషం ఎందుకు వేసిందని చైనా పత్రికలు విమర్శించాయి.

మరుసటి ఏడాదే పరిస్థితి తిరగబడింది. ‘ది లాస్ట్ ఎంపరర్’ ఛింగ్ వంశపు ఆఖరి చక్రవర్తి పూయీ జీవితకథ. బీజింగ్ రాజప్రాసాదమైన ‘నిషిద్ధ నగరం’ లోపల చిత్రీకరణకు అనుమతి పొందిన మొదటి పాశ్చాత్య కథాచిత్రం అది. పూయీగా జాన్ లోన్, మహారాణి వాన్‌రోంగ్‌గా జోన్ చెన్ నటించారు. నిజజీవితంలో వాన్‌రోంగ్ 1922లో పదహారేళ్లకు పెళ్లి కూతురై, జపాన్ ఆడించినట్టల్లా ఆడిన మంచుకువో రాజ్యంలో నల్లమందుకు బానిసై, 1946లో చెరసాలలో చనిపోయింది. అల్లరి పెళ్లికూతురి నుంచి శిథిలమైన మనిషి దాకా ఆ పతనమంతటినీ జోన్ చెన్ ఒక్క సినిమాలో మోసింది.

మంచుకువో పట్టాభిషేక విందు ఆ నటనకు పరాకాష్ఠ. అతిథులు నాట్యం చేస్తుంటారు. మహారాణి ఒంటరిగా కూర్చుని అలంకరణకు పెట్టిన పూలను తుంచి ఒక్కొక్కటే నోట్లో పెట్టుకుని నములుతుంది. కన్నీళ్లు జారుతుంటాయి. దవడ కదలడం మాత్రం ఆగదు. ఒక్క మాటైనా లేదు. భర్త తెచ్చుకున్న రాజ్యం ఎంత బూటకమో ఆ సన్నివేశం చెప్పినంతగా సంభాషణలేవీ చెప్పవు. మూగపిల్ల పాత్రలో నేర్చుకున్న విద్య పదేళ్లకు ఇక్కడ పూర్తిగా పక్వానికి వచ్చింది. 1988 ఆస్కార్ వేడుకలో ఈ చిత్రం 9 నామినేషన్లకు 9 అవార్డులూ గెలుచుకుంది. నటన విభాగాల్లో మాత్రం ఒక్క నామినేషనూ రాలేదు.

‘ట్విన్ పీక్స్’, ఆ తర్వాతి హాలీవుడ్

1989లో ఆమె అమెరికా పౌరసత్వం తీసుకుంది. 1990 ఏప్రిల్‌లో ఏబీసీ చానల్‌లో మొదలైన ‘ట్విన్ పీక్స్’ను డేవిడ్ లించ్, మార్క్ ఫ్రాస్ట్ సృష్టించారు. అందులో ఆమె పాత్ర జోసీ ప్యాకర్డ్, భర్త పోయాక కలప మిల్లుకు యజమానురాలైన స్త్రీ. మొదట ఇసబెల్లా రోసెలీనీ కోసం అనుకున్న పాత్ర ఇది. జోన్ చెన్ వచ్చాక హాంకాంగ్ నేపథ్యంతో తిరగరాశారు. పరిచయ గీతం ముగిశాక తెరపై కనబడే మొదటి ముఖం అద్దం ముందు కూర్చున్న జోసీదే. అమెరికా టెలివిజన్‌లో ఆ స్థాయి సీరియల్‌లో ఆసియా నటికి నిలకడైన ముఖ్య పాత్ర అప్పట్లో అరుదు. అయినా రెండో సీజన్ సగంలోనే జోసీ చనిపోతుంది. ఆమె ఆత్మ హోటల్ గదిలో చెక్క సొరుగు పిడిలో చిక్కుకుపోయినట్టు చూపిన దృశ్యాన్ని అభిమానులు నేటికీ చర్చించుకుంటారు.

తర్వాత వచ్చిన హాలీవుడ్ అవకాశాలు ఆ స్థాయిలో లేవు. స్టీవెన్ సెగాల్ ‘ఆన్ డెడ్లీ గ్రౌండ్’ (1994), సిల్వెస్టర్ స్టాలోన్ ‘జడ్జ్ డ్రెడ్’ (1995) లాంటి యాక్షన్ సినిమాల్లో ఆమెకు నటించేందుకు పెద్దగా ఏమీ లేదు. దీనికి మినహాయింపు ఆలివర్ స్టోన్ ‘హెవెన్ అండ్ ఎర్త్’ (1993). వియత్నాం యుద్ధంలో నలిగిన రైతు కుటుంబపు కథలో, ముప్పై రెండేళ్ల వయసులో, నాయిక తల్లిగా నటించింది. గ్లామర్ తారలు తప్పించుకు తిరిగే పాత్రను ఆమె అంత త్వరగా ఒప్పుకోవడం తర్వాతి దశకు ముందస్తు సూచన.

వ్యక్తిగత జీవితంలో మొదటి వివాహం విడాకులతో ముగిసింది. 1992లో ఒక హృద్రోగ వైద్యుణ్ణి వివాహం చేసుకుని శాన్‌ఫ్రాన్సిస్కోలో స్థిరపడింది. ఇద్దరు కుమార్తెలు.

హాంకాంగ్ దర్శకులతో

హాలీవుడ్‌లో కొరతగా ఉన్నది ఆమెకు చైనీస్ భాషా చిత్రాల్లో దొరికింది. క్లారా లా దర్శకత్వంలో తాంగ్ వంశకాలం నాటి కథ ‘టెంప్టేషన్ ఆఫ్ ఎ మంక్’ (1993) కోసం నిజంగానే గుండు చేయించుకుంది. ఆ మరుసటి ఏడాది స్టాన్లీ క్వాన్ తీసిన ‘ఎర్ర గులాబీ తెల్ల గులాబీ’ వచ్చింది. షాంఘై రచయిత్రి ఐలీన్ చాంగ్ నవలిక దీనికి ఆధారం. స్నేహితుడి ఇంట్లో అద్దెకు దిగిన జెన్‌బావ్ (విన్‌స్టన్ చావ్) ఆ స్నేహితుడి భార్య జియావ్‌రుయి మోహంలో పడతాడు. ఆమె దాన్ని నిజమైన ప్రేమగా తీసుకుని భర్తకు చెప్పేయగానే లోకానికి జడిసి వెనకడుగు వేస్తాడు.

జియావ్‌రుయిగా జోన్ చెన్ మొదట చిలిపిగా, కాస్త గారాబంగా కనిపిస్తుంది. కొన్నేళ్ల తర్వాత అతనికి అనుకోకుండా ఎదురైనప్పుడు ఒళ్లు చేసి, వయసు మీదపడి, నెమ్మదించిన తల్లిగా ఉంటుంది. ఏడ్చేది అతను, ఆమె కాదు. ఈ పాత్రకు 1994లో తైవాన్ గోల్డెన్ హార్స్ ఉత్తమ నటి పురస్కారం లభించింది.

దర్శకురాలిగా

‘షియు షియు’ కథ రచయిత్రి యాన్ గలింగ్‌ది. స్క్రీన్‌ప్లే ఇద్దరూ కలిసి రాశారు. 1975లో చెంగ్దూ నగరపు దర్జీ కూతురు షియు షియును గుర్రాల పెంపకం నేర్చుకోమని టిబెటన్ పీఠభూమికి పంపుతారు. లావ్ జిన్ అనే టిబెటన్ కాపరి గుడారంలో ఆమె ఉండాలి. ఆరు నెలల్లో తీసుకెళ్తామన్న వాళ్లు రారు. ఇంటికి వెళ్లే అనుమతి పత్రం చేతిలో ఉందని చెప్పుకునే మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆమెను వాడుకుంటారు. కళ్లెదుట జరుగుతున్నా కాపరి ఆపలేకపోతాడు.

పదునాలుగేళ్లకు స్టూడియోలోకి రాకపోయి ఉంటే తన దారీ అటే పోయేదన్న ఎరుక ఈ సినిమా నిండా ఉంది. అందుకే ఇందులో కోపం అధికారుల మీదనే ఆగదు, అంతా తెలిసీ మౌనంగా ఉన్న లోకం మీదికీ మళ్లుతుంది. చైనా ప్రభుత్వ అనుమతి లేకుండా ఎత్తయిన మారుమూల ప్రాంతాల్లో చిత్రీకరించారు. 1998 బెర్లిన్ చిత్రోత్సవ పోటీ విభాగంలో ప్రదర్శించారు. చైనాలో సినిమాను నిషేధించి, దర్శకురాలి మీద శిక్షాచర్యలు తీసుకున్నారు. అదే ఏడాది గోల్డెన్ హార్స్ వేడుకలో ఉత్తమ చిత్రం, దర్శకత్వం, నటుడు (లోప్‌సాంగ్), నటి (లీ షియావ్‌లూ) సహా 7 పురస్కారాలు అందుకుంది.

ఆ పేరుతోనే హాలీవుడ్ నుంచి ‘ఆటమ్ ఇన్ న్యూయార్క్’ (2000) దర్శకత్వం దక్కింది. రిచర్డ్ గేర్, వినోనా రైడర్ జంటగా తీసిన ఆ ప్రేమకథను విమర్శకులు మెచ్చలేదు. చాలా కాలం తర్వాత చైనా వాలీబాల్ దిగ్గజం లాంగ్ పింగ్ మీద ‘ది ఐరన్ హ్యామర్’ (2020) అనే డాక్యుమెంటరీ తీసింది.

తల్లి పాత్రల దశ

నలభై దాటిన నటికి పనులు తగ్గుతాయన్నది అన్ని సినిమా పరిశ్రమల్లోనూ ఉన్న మాటే. జోన్ చెన్ విషయంలో అది తలకిందులైంది. ఆలిస్ వూ ‘సేవింగ్ ఫేస్’ (2004)లో న్యూయార్క్ చైనీయుల మధ్య బతికే, భర్త పోయి చాలాకాలమైనా నలభై ఎనిమిదేళ్లకు గర్భవతై తండ్రి ఇంటి నుంచి గెంటివేతకు గురైన తల్లిగా నవ్వించింది. ‘మల్లెపూలు’ (2004)లో మూడు తరాల కూతుళ్లుగా జాంగ్ జియీ నటిస్తే తల్లుల పాత్రలు జోన్ చెన్ వేసింది. జాంగ్ యాంగ్ ‘పొద్దుతిరుగుడు పువ్వు’ (2005)లోనూ తల్లే.

2007 ఆమెకు పండగ సంవత్సరం. టోనీ ఐర్స్ తన బాల్యం ఆధారంగా తీసిన ఆస్ట్రేలియా చిత్రం ‘ది హోమ్ సాంగ్ స్టోరీస్’లో ఆమె రోజ్ అనే షాంఘై నైట్‌క్లబ్ గాయని. ఒక నావికుణ్ణి నమ్ముకుని పిల్లలతో ఆస్ట్రేలియా చేరి, అక్కడ ఏ ఇంట్లోనూ, ఏ మగవాడి దగ్గరా ఇమడలేక కూలిపోతుంది. పిల్లల మీద ప్రాణం పెట్టుకుంటూనే వాళ్లను పదేపదే గాయపరిచే ఆ తల్లిని జోన్ చెన్ ఎక్కడా జాలి పాత్రగా మార్చలేదు. ఆస్ట్రేలియన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ అవార్డుతో పాటు రెండోసారి గోల్డెన్ హార్స్ ఉత్తమ నటి అవార్డూ వచ్చింది. అదే ఏడాది ఆంగ్ లీ ‘లస్ట్, కాషన్’లో మాజాంగ్ బల్ల దగ్గర కూర్చుని అన్నీ కనిపెట్టే మిసెస్ యీగా, జియాంగ్ వెన్ ‘సూర్యుడు మళ్లీ ఉదయిస్తాడు’లో డాక్టర్ లిన్‌గా నటించింది. రెండో పాత్రకు ఏషియన్ ఫిల్మ్ అవార్డుల్లో ఉత్తమ సహాయ నటి పురస్కారం దక్కింది.

‘24 సిటీ’

జియా జాంగ్‌ఖ ‘24 సిటీ’ (2008) కూల్చివేతకు సిద్ధమైన చెంగ్దూలోని 420 నంబరు యుద్ధ విమాన విడిభాగాల కర్మాగారం గురించి. నిజమైన కార్మికుల ఇంటర్వ్యూల మధ్య నటీనటులు చెప్పే కల్పిత ఇంటర్వ్యూలు కలిపి అల్లిన చిత్రం. అందులో జోన్ చెన్ షాంఘై నుంచి వచ్చి ఆ కర్మాగారంలోనే వయసు గడిపేసిన, పెళ్లి కాని కార్మికురాలు. అచ్చం సినిమాలోని షియావ్ హువాలా ఉందని తోటివాళ్లు తనకు ఆ పేరే పెట్టారని ఆమె కెమెరాతో చెబుతుంది. ఒకప్పుడు ఫ్యాక్టరీ కుర్రాళ్లంతా వెంటపడ్డ అమ్మాయి ఇప్పుడు ఒంటరి. షియావ్ హువాను పోషించిన నటే షియావ్ హువాను పోలిన మనిషిగా కూర్చోవడంతో, 1979లో ఆ సినిమా చూసిన తరం ఆశలు ఏమయ్యాయన్న ప్రశ్న ప్రేక్షకుడి ముందుకు దానంతటదే వస్తుంది.

ఇటీవలి సినిమాలు, టెలివిజన్

నెట్‌ఫ్లిక్స్ సీరియల్ ‘మార్కో పోలో’ (2014–16)లో కుబ్లాయ్ ఖాన్ పట్టపురాణి చాబీగా, చైనా చారిత్రక సీరియల్ ‘రూయీ’ (2018) తొలి భాగాల్లో పదవి పోయిన మహారాణిగా నటించింది.

తెలుగు ప్రేక్షకులకు దగ్గరగా వచ్చే పాత్ర 2019లో దొరికింది. సామ్ క్వా దర్శకత్వం వహించిన ‘షీప్ వితౌట్ ఎ షెపర్డ్’ మలయాళ ‘దృశ్యం’కు చైనా రీమేక్. కథను థాయిలాండ్‌కు మార్చారు. షియావ్ యాంగ్ కథానాయకుడు. కొడుకు కనబడక అధికారాన్నంతా ఆయుధంగా మార్చే పోలీసు అధికారిణి పాత్ర జోన్ చెన్‌ది. తెలుగు ‘దృశ్యం’ (2014)లో వెంకటేశ్‌కు ఎదురుగా నదియా వేసినది ఇదే పాత్ర. చైనా రీమేక్‌కు అక్కడ 100 కోట్ల యువాన్లకు పైగా వసూళ్లు వచ్చాయి.

షాన్ వాంగ్ ‘దీదీ’ (2024) 2008 నాటి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జరిగే కథ. భర్త తైవాన్‌లో ఉద్యోగం చేస్తుంటే ఇద్దరు పిల్లల్నీ, సాధింపుల అత్తగారినీ ఒంటిచేత్తో చూసుకుంటూ, తీరిక దొరికితే బొమ్మలు వేసుకునే తల్లి చుంగ్‌సింగ్‌గా ఆమె కనిపిస్తుంది. కొడుకు అమ్మను చూసి సిగ్గుపడతాడు. ఆమె అది గమనిస్తుంది, అయినా అన్నం వడ్డిస్తుంది. ఈ పాత్రకు ఇండిపెండెంట్ స్పిరిట్ పురస్కారాల నామినేషన్ వచ్చింది. 2025లో ‘ది వెడ్డింగ్ బాంకెట్’ కొత్త రూపంలోనూ ఆమెది తల్లి పాత్రే. ఈ మధ్యకాలంలో ‘షాంఘై లిటరేచర్’ పత్రికలో ధారావాహికంగా రాసిన కుటుంబ జ్ఞాపకాలు 2024లో పుస్తకంగా వచ్చాయి.

నటనా శైలి, స్థానం

జోన్ చెన్ తర్వాత గోంగ్ లీ, జాంగ్ జియీ వంటివారు ప్రపంచ ఖ్యాతి పొందారు. వారి దారికీ ఈమె దారికీ తేడా ఉంది. వారు చైనీస్ సినిమాల విజయంతో పాటు పశ్చిమానికి చేరారు. ఈమె చైనా సినిమా ప్రపంచానికి పరిచయం కాకముందే ఒంటరిగా వెళ్లింది. అందువల్ల తొలి రోజుల్లో తనకంటూ రాసిన పాత్రలు దొరకలేదు, దొరికిన మూసలోనే కొత్త మనిషిని చూపించాల్సి వచ్చింది.

ఆమె వేసిన మంచి పాత్రలన్నీ ఒక చోటు నుంచి మరో చోటికి పోయి ఇమడలేకపోయిన స్త్రీలవే. కూలిపోయిన రాజ్యంలో మహారాణి, మెల్‌బోర్న్‌లో షాంఘై గాయని, చెంగ్దూ కర్మాగారంలో షాంఘై పిల్ల, ఫ్రీమాంట్‌లో తైవాన్ తల్లి ఈ కోవలోకే వస్తారు. ఈ స్త్రీలను ఆమె జాలి కోసం ఆడదు. వాళ్ల గర్వాన్ని, మొండితనాన్ని, చిన్నచిన్న స్వార్థాలను అలాగే ఉంచుతుంది. అన్నను వెతికే చెల్లెలిగా చైనా ప్రేమించిన నటికి, వలస వెళ్లిన తల్లుల పాత్రలు అమెరికా ఆసియన్ల కొత్త తరం దర్శకుల నమ్మకాన్నీ సంపాదించిపెట్టాయి. ఆలిస్ వూ నుంచి షాన్ వాంగ్ దాకా ఆ దర్శకులు తమ ఇళ్లలోని తల్లుల కథ చెప్పాల్సి వచ్చినప్పుడు ఆమెనే ఎంచుకున్నారు.